చెక్కని అడుగు, నన్ను కాదు

నిన్న పొద్దున్న పోయాడాయన. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయాడు, ఎవరి చేతా చేయించుకోలేదు, అదృష్టవంతుడు అని మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో అందరిదీ ఒకటే మాట. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అదృష్టమట, అదృష్టం! ఈ మూడేళ్లు ఆ మనిషి ఎలా బతికాడో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

మా వరసలో చివరి క్వార్టరు ఆయనది, కొడుకూ కోడలూ ఆయనతోనే ఉంటారు. మాకు చుట్టమేమీ కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం పక్క పల్లెల నుంచి వచ్చి ఇక్కడ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు. నాన్న ఫిట్టరు. ఆయన వడ్రంగి. ఇనుముతో ఏదైనా పోత పోయాలంటే ముందు అదే ఆకారాన్ని చెక్కతో చేసుకోవాలి, ఆ చెక్క నమూనాలు చేసే పని ఆయనది. చెక్క తేమకి కాస్త వంగినా పోత మొత్తం వంకర పోతుంది. అందుకని ఏ చెక్కయినా చేత్తో పట్టుకుని దాని గుణం చెప్పగలిగేవాడు. బెంగాలీలు మిస్త్రీ దాదా అనేవాళ్లు. మాకు మావయ్య.

ఎవరింటికి వచ్చినా తలుపు మీద మెటికలతో మూడుసార్లు కొట్టేవాడు. మనం తలుపు తీస్తే లోపలికి వస్తాడా, రాడు. చెవి ఆనించి ఇంకోసారి కొడతాడు. "సాలు సెక్కే ఇది. దొరల కాలంనాటిది. మనం పోయినా ఇది ఉంటాది" అని తలుపుని మెచ్చుకుని, ఆ తర్వాత మనిషిని పలకరించేవాడు. ఒకసారి నాన్న ముచ్చటపడి టేకు మంచం కొన్నాడు. మావయ్య వచ్చి దాని కోడు మీద కొట్టి, "టేకు కాదు బావా, రంగేసినారు" అన్నాడు. ఎవరు చెప్పారయ్యా నీకు అని నాన్న గింజుకుంటే, "సెక్కని అడుగు, నన్ను కాదు" అన్నాడు. అమ్మ వారం రోజులు ఆయనకి టీ ఇవ్వలేదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చెక్క ముక్క ఉండేది. ఎర్రచందనం. ఒకప్పుడది బొమ్మట. తిరుపతి వెళ్లిన వాళ్లెవరో మావయ్య వాళ్లమ్మకి తెచ్చి ఇచ్చారు. పళ్లొచ్చే పిల్లలకి చీకడానికి ఇచ్చీ, వాపులకీ సెగ్గడ్డలకీ సాన మీద అరగదీసీ, మొహమూ చేతులూ పోయి వట్టి ముక్క మిగిలింది. ఉద్యోగానికి బయల్దేరుతుంటే వాళ్లమ్మ దాన్ని ఆయన జేబులో వేసింది. మా వీధిలో ఏ పిల్లకి కందిరీగ కుట్టినా ఆ ముక్క బయటికి వచ్చేది. చందనం అంటున్నారు కదాని మేం వాసన చూడబోతే నెత్తిమీద ఒక్కటి పడేది. "వాసనేటే! ఎర్రసందనానికి వాసనుండదు. వాసనొచ్చిందంటే ఎవడో అత్తరు పూసినాడన్నమాట." కాళీపూజ రోజు బెంగాలీ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడేవారు. వాళ్ల పూజకి ఎర్రచందనం కావాలి. గిన్నె నిండేదాకా అరగదీసి ఇచ్చేవాడు గాని ముక్కని మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

నా తమ్ముడు నాకంటే పదకొండేళ్లు చిన్న. వేసవి వస్తే వాడి వీపంతా చెమటకాయలు పేలిపోయేవి, రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. మావయ్య వాణ్ని ఒళ్లో బోర్లా వేసుకుని, ఎర్రటి గంధం వీపంతా పట్టించేవాడు. అది ఆరేదాకా ఆగితేనా! చేతుల్లోంచి జారి, మొలతాడుతో వీధంతా పరుగు. "పట్టుకోండర్రా, కుంకం బస్తాలో పడి లేచినట్టున్నాడు గుంటడు" అని ఆయన అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవాడు. ఆ ఎరుపు అమ్మ చీరలకి అంటుకుని, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. తర్వాత అమ్మ పోయింది, ఏడాది తిరక్కుండా నాన్న పోయాడు. తమ్ముణ్ని నేనే పెంచాను. పెళ్లి మాట ఎత్తిన వాళ్లని కసిరి పంపించేశాను. ఇక్కడి చిన్న బళ్లో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ వాణ్ని ఇంత చేశాను.

మావయ్య మొండితనం ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఒక శివరాత్రి తిరనాళ్లలో ఒకడు గుడ్డ పరుచుకుని ఎర్రచందనం పూసలని దండలు అమ్ముతున్నాడు. ఘుమఘుమలాడిపోతున్నాయి. మావయ్య ఒక పూస తీసి పక్క టీ కొట్టువాడి గ్లాసు నీళ్లలో వేశాడు. తేలింది. "సూసినారా? అసలుదైతే మునిగిపోవాల" అన్నాడు గట్టిగా. మళ్లీ తీసి తడి గుడ్డకేసి రుద్దితే రంగంతా గుడ్డకే వచ్చేసి లోపల తెల్ల చెక్క కనపడింది. వాడు చేతులు పట్టుకున్నాడు. పిల్లలున్నారు చాచా, ఈ ఒక్కపూటా వదిలెయ్యండి అన్నాడు. మావయ్య వదల్లేదు. చుట్టూ జనం చేరారు, వాడు గుడ్డ మూటగట్టుకుని ఏడ్చుకుంటూ పోయాడు. ఇంటికొస్తూ నేను దెబ్బలాడాను, ఒక్క మాట మింగితే నీ సొమ్మేం పోయింది మావయ్యా అని. ఆయన ఆశ్చర్యంగా నా మొహంలోకి చూశాడు. "నానేటి సేసినానే? సెక్క సెప్పినాది. నాను ఇనిపించినాను, అంతే కదా" అన్నాడు. అలాంటి మనిషి.

తమ్ముడికి రైల్వేలో ఉద్యోగం రాలేదు. చిన్న లగేజీ వ్యాను నడుపుకునేవాడు. మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం కోల్‌కతా వైపు ఉల్లిపాయల లోడు వేసుకుని వెళ్తుంటే హైవే మీద అటవీశాఖ వాళ్లు ఆపారు. బస్తాల కింద పదకొండు దుంగలు. బెరడు చెక్కేసి పైన మట్టి పూసి ఉన్నాయి. బండినీ వాణ్నీ ఆఫీసుకి తీసుకెళ్లి, నాకు కబురు పెట్టారు.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, విషయం దాచకుండా చెప్పాడు. ఎర్రచందనమని అనుమానం. ఆ చెట్టు ఈ ప్రాంతంలో పెరగదు కాబట్టి మా వాళ్లెవరికీ గట్టిగా తెలీదు. వర్క్‌షాపులో అందరూ మీ మిస్త్రీ దాదా పేరే చెప్పారు, రేపు ఆయన్ని పిలిపిస్తున్నాను. ఆయన ఔనంటే కేసు పైకి వెళ్తుంది, మీ తమ్ముడు ఏళ్ల తరబడి జైల్లో ఉంటాడు. వేరే కర్రని తేలితే కాగితాలు లేనందుకు జరిమానా కట్టి తీసుకెళ్లిపోండి, అన్నాడు. తమ్ముడు లోపలి గదిలో నేలమీద కూర్చుని ఉన్నాడు. "అక్కా, ఉల్లిపాయలన్నారే. నాకేటీ తెలీదే" అన్నాడు. నా కళ్లలోకి చూడలేదు. తెలిసే ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది. అయితే ఏమిటి? వాడు నా తమ్ముడు.

మర్నాడు తెల్లవారగానే మావయ్య వరండాలో నిలబడ్డాను. ఆయన చేతిలో చెక్క గ్లాసుంది. చక్కెర జబ్బుకని రోజూ ఆ గ్లాసులో నీళ్లు నానబెట్టుకుని పొద్దున్నే తాగేవాడు. అది వేగిస కర్రతో చేసిన గ్లాసు. వేగిస, ఎర్రచందనం ఒక జాతివే. మా చిన్నప్పుడు ఆ నీళ్లని గాజుగ్లాసులో పోసి ఎండకి పట్టి చూపించేవాడు. గోధుమరంగు నీళ్లలో నెమలికంఠం రంగు నీలం తళుక్కుమనేది. "ఏగిసకే ఈ నీలం వొత్తాది. ఎర్రసందనానికి రాదు. రెండిట్నీ పట్టిచ్చీది ఇదే" అనేవాడు.

"మావయ్యా, ఏగిస అని ఒక్క మాట సెప్పు" అన్నాను.

"సూడకుండా ఎలాగ సెప్తానే పాపా?"

"సూసే సెప్పు. ఎర్రసందనమైనా సరే, ఏగిస అని సెప్పు."

"నా నోటితోనా?" అన్నాడు.

నాకు పిచ్చెక్కింది. ఏమన్నానో అంతా గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండును. "నీ కొడుకైతే సెప్పవా? నీ సేత్తోనే కదా ఆడి ఈపుకి రాసినావు. ఆణ్ని జైల్లోకి తోసీసొచ్చి అదే సేత్తో అన్నం కలుపుకుని తింటావా? ఆడు తప్ప నాకెవరున్నారు మావయ్యా?" కాళ్లమీద పడ్డాను. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. గ్లాసులో నీళ్లు తాగకుండానే పక్కన పెట్టి, "ఎల్లు. బడికి టైమైపోతాది" అన్నాడు. అయిపోయింది, తమ్ముడి బతుకు బుగ్గి అయిపోయిందనుకున్నాను.

బడికి ఎక్కడ వెళ్తాను! ఆఫీసు ఆవరణలో ఒక మూల నిలబడ్డాను. దుంగలు ఎండలో పరిచి ఉన్నాయి. ఆఫీసరు నవ్వుతూ, "మీ తెలుగువాళ్ల చెట్టే కదా దాదా, మీకు తెలియకుండా ఉంటుందా" అన్నాడు. మావయ్యకి ఎప్పుడూ వచ్చే కోపం అప్పుడూ వచ్చింది. బెంగాలీలో మొదలెట్టి తెలుగులో పూర్తిచేశాడు. "మాది సికాకోలు బాబూ. ఆ సెట్టు కడప కొండల్లోది. మా ఊరికి కడప కన్నా మీ ఖరగ్‌పూరే దగ్గిర!" ఆఫీసరుకి సగమే అర్థమైనా నవ్వాడు.

మావయ్య వంగి ఒక దుంగ మీద మెటికలతో మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు. అలా చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి కత్తి తీసి కొన చెక్కాడు. లోపల ముదురు ఎరుపు. అంత దూరం నుంచి నాకే తెలిసిపోయింది. గాజుగ్లాసులో నీళ్లు తెమ్మన్నాడు. పిడికిట్లోని పొట్టు అందులో వేసి, "కాసేపు నాననియ్యండి" అని గోడనీడన కూర్చున్నాడు. టీ వచ్చింది, ముట్టుకోలేదు. నేను తలచుకోని దేవుడు లేడు.

కాసేపటికి లేచి గ్లాసు ఎండకి పట్టాడు. నీలం. తళతళలాడుతూ నీలం! ఆఫీసరు దగ్గరకొచ్చి మరీ చూశాడు. "ఏగిస" అన్నాడు మావయ్య. "సక్కెర జబ్బుకి గ్లాసులు సేసీ కర్ర. పచ్చిది, అందుకే ఈ బరువు." ఆఫీసరు ఆయన మాటే కాగితం మీద రాసుకున్నాడు.

సాయంత్రం జరిమానా కట్టి, తమ్ముణ్ని ఇంటికి తెచ్చి అన్నం పెట్టి, మావయ్య దగ్గరికి పరిగెత్తాను. నిజంగానే వేగిస అయిందని, దేవుడే కర్రని మార్చాడని నమ్మాను, ఏం చెయ్యను! వరండాలో చెక్క గ్లాసు పడుకోబెట్టి ఉంది. లోపలంతా కత్తితో కొత్తగా గీరిన గాట్లు. ఆ పొట్టే పిడికిట్లో పెట్టుకుని వచ్చాడు. నీళ్లలో పడింది దుంగ పొట్టు కాదు. ఆయన నావైపు తిరక్కుండానే అన్నాడు. "ఇవాళ సెక్కని అడగలేదే పాపా నువ్వు. నన్నడిగినావు."

తమ్ముడు నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు, ఇంక అలాంటి లోడు ముట్టుకోనని. రెండు నెలలు బుద్ధిగానే ఉన్నాడు. తర్వాత ఆ దుంగలవాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. ఖరగ్‌పూర్‌లో వీడి వెనక ఒక పెద్దాయన ఉన్నాడని, ఏ కర్రనైనా వేగిస అనేస్తాడని వాళ్లకి తెలిసిపోయింది. ఈసారి లోడు కాదు, చెట్లు కొట్టే కడప కొండల దగ్గరికే రమ్మన్నారు. నేను గోల పెడితే వాడు నవ్వాడు. "భయమేటి అక్కా? మావయ్య ఉన్నాడు కదా!" చెంప పగలగొట్టాను. సోమవారం నేను బళ్లో ఉండగా వెళ్లిపోయాడు. రెండోరోజు ఫోన్ చేసి, కొండ కింద ఉన్నాం, నాలుగు రోజుల్లో వచ్చేస్తాను అన్నాడు. అంతే. ఆ తర్వాత ఫోను మోగలేదు.

సెలవు దొరికితే చాలు, వాడి ఫోటో పట్టుకుని ఆ వైపు రైలెక్కేదాన్ని. పోలీసు స్టేషన్లు తిరిగాను, జైళ్లు తిరిగాను, ఆసుపత్రుల్లో శవాల గదుల ముందు నిలబడ్డాను. లేడు, లేడు, లేడు. ఒకసారి అలా తిరిగొచ్చిన రోజు మావయ్య ఎదురుపడితే ఆయన మొహాన కొట్టినట్టు అన్నాను. "నువ్వున్నావన్న ధైర్యంతోనే పోనాడు మావయ్యా." అబద్ధమాడమని కాళ్లు పట్టుకున్నదీ నేనే, ఆ మాట అన్నదీ నేనే. నా నోరు పడిపోనూ. ఆయన కర్ర ఊతంగా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఏ తలుపు మీదా కొట్టలేదు. కాళీపూజకి గిన్నెలతో వచ్చిన ఆడవాళ్లని, నాకు తెలీదు దీదీ, బజార్లో కొనుక్కోండి అని పంపించేశాడు. కొడుకు కొత్త బల్ల కొని చూడమంటే, "నన్నడగొద్దురా" అన్నాడు. వేగిస గ్లాసు అలమారలో బోర్లించి ఉండిపోయింది. ఒక్క పని మాత్రం మానలేదు. రోజూ పొద్దున్న ఆరున్నరకి, నేను బడికి తయారవుతుండగా, మా వరండాలోకి వచ్చి నిలబడేవాడు.

"ఒచ్చినాడేటే?"

"రాలేదు మావయ్యా."

వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు. వానలో గొడుగు వేసుకుని వచ్చాడు, చలిలో దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఒకరోజు నేను విసిగిపోయి, "ఒత్తే నీకు సెప్పనా? రోజూ గుచ్చి గుచ్చి అడక్కు" అని అరిచాను. మర్నాడూ వచ్చాడు. అడగలేదు. ఊరికే నిలబడ్డాడు, తల దించుకుని. నేనే చెప్పాను రాలేదని. అప్పుడు గాని కదల్లేదు.

పోయిన వేసవిలో ఒకరోజు మాత్రం ఇంకో మాట అన్నాడు. "ఆ రోజు ఎర్రసందనం అని సెప్పీసుంటే జైల్లో ఉండీవోడు కదే. మనం ఎల్లి సూసొచ్చీవోళ్లం. ఇంత సద్ది పట్టుకెళ్లి పెట్టీవోళ్లం." నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం కలిసి వాణ్ని కాపాడుకున్నాం, కాపాడుకుని పోగొట్టుకున్నాం. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

నిన్న చితి మీద పెట్టడానికి ఆయన కొడుకు ఎర్రచందనం ముక్క కోసం ఇల్లంతా వెతికాడట. మామూలు మనుషులకే చిటికెడు చందనం పడుతుంది, జన్మంతా దాన్ని జేబులో పెట్టుకు తిరిగిన మనిషాయన. దొరకలేదు. దొరక్కపోవడమేమిటి, కోడలు దాచేసింది. సాయంత్రం ఆ ముక్కా, సానా కొంగులో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మీకే ఇమ్మని ముందే చెప్పి ఉంచారండి. తనతో కాల్చొద్దన్నారు. 'ఆ గుంటడు కొండల్లోంచి, ఎండల్లోంచి ఒత్తాడు, ఈపంతా పేలిపోయుంటాది, రాయమను' అన్నారు" అని చెప్పి కళ్లొత్తుకుంది. ముక్క బొటనవేలంతే మిగిలింది. ఆయన చందనం లేకుండానే కాలిపోయాడు.

తల్లి జేబులో వేసి పంపిన మందు అది, ఇంక ఎన్ని వేసవులకి వస్తుందో. సాన తడిపి ఒక్కసారి రుద్దాను. ఎర్రగా దిగింది. కడిగెయ్యబుద్ధి కాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఈ పొద్దున్న ఆరున్నరకి జడ వేసుకుంటున్నదాన్ని అలవాటుగా వరండాలోకి వచ్చేశాను. ఎవరూ లేరు. వీధి చివర పాలవాడు వెళ్తున్నాడు. వాడు వచ్చాడా అని ఈ ఊళ్లో అడిగే మనిషి ఇంక లేడు. బడికి వేళవుతోంది. అయినా కాళ్లు కదల్లేదు, చెప్పకుండా ఎలా వెళ్లను?

"రాలేదు మావయ్యా" అన్నాను, పైకే.